నీలి చేపలకు లైటు వెయ్యకు

తుకాద్ సెగర, ఉత్తర బాలి
8 ఫిబ్రవరి 2006

చిరంజీవి కొమాంగ్‌కు,

నీ అక్క రస్మిని, కడలి గుడిలో పెట్టిన పువ్వు తీసి నీ నెత్తిన ఉంచి దీవించినట్టుగా రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అన్న కడెక్, మీ వదిన సుచి, వాళ్ళ పిల్లలు అందరం బాగానే ఉన్నాం. సురబయలో నువ్వూ బాగున్నావని అనుకోవాలనే ఉంది గాని, నీ ఉత్తరం చదివాక ఎలా అనుకోను?

ఫోన్ చేద్దామంటే అది మీ అలంకార చేపల షాపు యజమాని హార్సోనో గారి బల్ల మీదే మోగుతుంది. ఆయన చెవులు రిక్కించి కూర్చుంటాడని నువ్వే చెప్పావు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ఓపిగ్గా చదువు.

మేం పంపిన నీలి చేపలు సంచిలోంచి దిగినప్పుడు కళకళలాడుతున్నాయనీ, మేతకు ఎగబడుతున్నాయనీ, కొన్నాళ్ళకే ఏ జబ్బూ లేకుండా తెల్లారేసరికి వెల్లకిలా తేలుతున్నాయనీ రాశావు. ఒంటి మీద మచ్చ లేదు, రెక్క చిరగలేదు అన్నావు. నీ చెయ్యి పడితే పచ్చని చెట్టు కూడా మాడిపోతుందని యజమాని అన్నాడట. ఇంకొక్క సరుకు ఇలా పోతే నిన్ను పంపించేస్తానన్నాడట. కుంటికాలివాడికి ఇంకెవరు పనిస్తారు అక్కా అని అడిగావు.

ముందు ఆ ఏడుపు ఆపు. సముద్రం నీ కాలు తీసుకుంది గాని చేతులు తీసుకోలేదు. పడవలోంచి గాలి పంపే కంప్రెసర్ గొట్టం నోట్లో పెట్టుకుని లోతుకు దిగి, గబగబా పైకొచ్చి పడిపోయిన తర్వాత నువ్వు ఇక మునగలేవని తేలినప్పుడు నాన్న నీతో ఏమన్నాడో మర్చిపోయావా? పట్టడం కుదరకపోతే బతికించడం నేర్చుకోరా, అది ఇంకా కష్టం అన్నాడు. ఆ కష్టమైన పని నీకు నేర్పింది నేను. నీకు రాదంటే నాకు రానట్టే. అందుకని మొదటి నుంచీ మళ్ళీ చెబుతున్నాను. తెలిసిందే కదా అని కాగితం తిప్పెయ్యకు.

పెట్టె రాగానే గదిలో లైట్లు ఆర్పెయ్. దారంతా చీకట్లో వచ్చిన దాని కళ్ళలో వెలుగు కొట్టకు. మూతి విప్పకుండానే సంచిని తొట్టి నీళ్ళ మీద తేలనివ్వు. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే వెచ్చదనానికి రావాలి. ఆ తర్వాత చేపను దాని నీళ్ళతో సహా బకెట్లోకి దించి, సన్న గొట్టానికి వదులుగా ముడి వేసి, తొట్టి నీళ్ళు చుక్కచుక్కగా అందులో పడేట్టు పెట్టు. అలాగని పూటంతా సాగదియ్యకు. దూరం నుంచి వచ్చిన చేప తన మురికిలో తానే కూర్చుని వస్తుంది. మూతి విప్పి గాలి తగిలాక ఆ మురికి విషంగా మారుతుంది. కంగారు పడకూడదు, కబుర్లు చెప్పుకుంటూ కూర్చోనూ కూడదు.

తొట్టిలోకి మార్చేటప్పుడు వల వాడకు. ఈ నీలి చేపకు తోక మొదట్లో ముల్లుకత్తి ఉంటుంది, అది వలలో చిక్కుకుని గింజుకుంటుంది. గిన్నెతో ముంచి, నీళ్ళు వంచేసి, చేపను మాత్రం జారవిడువు. సంచి నీళ్ళు తొట్టిలో కలవకూడదు. సబ్బు చేతులతో ముట్టకూడదు. మొదటి రోజు మేత వెయ్యకు. అది తింటుందా లేదా అని కాదు, మొప్పలు ఎంత వేగంగా కొట్టుకుంటున్నాయో చూడు. దాక్కోవడానికి గొట్టం ముక్కలు వేసి ఉంచు. దాక్కునే చోటు లేని ప్రాణికి ఆకలి పుట్టదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యం, కొత్తవాటిని పాతవాటితో వెంటనే కలపకు. విడి తొట్టి, విడి గిన్నె, విడి గుడ్డ. జబ్బు ఏదైనా ఉంటే అక్కడే బయటపడాలి. పాత చేపలు అత్తగార్ల లాంటివి. మూలలన్నీ ముందే పంచుకుని కూర్చుంటాయి, కొత్త కోడలికి నిలబడే చోటివ్వవు. కలిపే రోజున రాళ్ళు అటూ ఇటూ మార్చెయ్. అప్పుడు అత్తలకు కూడా ఇల్లు కొత్తదవుతుంది, కాసేపు నోరు మూసుకుంటారు.

ఇవన్నీ చేస్తూనే ఉన్నానంటావేమో. అయితే నా అనుమానం మీ యజమాని తొట్టి నీళ్ళలో కలిపే ఉప్పు మీద. మాకు సముద్రం గుమ్మంలోనే ఉంది, మీకు అక్కడ బస్తాలోంచి రావాలి. ఉప్పు మార్చి చూడమను.

ఇక్కడి కబుర్లు. కడెక్‌కు ఈ మధ్య వేట బాగా కలిసొస్తోంది. మీ షాపు అడిగిన నీలి చేపలన్నీ వాడు పట్టినవే. ఎవరినీ తోడు రానివ్వడు, పడవ తీసుకుని ఒక్కడే తీరం కొన వైపు పోతున్నాడు. మన నీతుల కర్స మాత్రం సగం బుట్టతో తిరిగొస్తున్నాడు. ఒరే కర్సా, చేపలకు కూడా నీతులు చెబుతున్నావేంట్రా, పారిపోతున్నాయి అని కడెక్ వెక్కిరించాడు. కర్స నవ్వలేదు. వాడు నవ్వు మానేసింది వాళ్ళ నాన్న పోయినప్పుడు. పొటాస్ విషం నీళ్ళలో కలిపి పగడాల సందుల్లోకి చిమ్మి, మత్తెక్కిన చేపల్ని ఏరుకున్నాడని ఊరు ఆయన్ని వెలేసింది కదా. పోయిన రోజున వాడ నుంచి ఒక్క భుజం రాలేదు. కర్స ఒక్కడే ఐసుగడ్డల బండి మీద తండ్రిని శ్మశానానికి తోసుకుపోయాడు. పగడాలన్నీ తెల్లబడి, చేప అన్నది కనబడక ఊరు పస్తులున్నాక కడలి గుడి ముందు మనమంతా పెట్టుకున్న కట్టుబాటు అది. విషం ముట్టినవాడికి పలకరింపు లేదు, నిప్పు లేదు, మోసే భుజం లేదు. కట్టుబాటు మంచిదే. కానీ ఆ బండి చక్రం కీచుమన్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఒళ్ళు జాగ్రత్త. వేళకు తిను.

ఇట్లు,
నీ అక్క,
పుతు రస్మిని

తా.క. కడెక్ నీకు ఎండుచేప పంపుతున్నాడు. మూట తనే కట్టాలని పట్టుబట్టి కూర్చున్నాడు గాని, ఎంతసేపటికీ ముడి పడలేదు. చివరికి సుచి లాక్కుని కట్టింది. పెళ్ళయ్యాక మగాళ్ళకు చేతులు పనిచెయ్యవు.


తుకాద్ సెగర
5 మార్చి 2006

చిరంజీవి కొమాంగ్‌కు,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం తిరుగుతున్నాం, తింటున్నాం. దాన్నే క్షేమం అనుకో.

ఉప్పు మార్చినా చేపలు పోయాయని రాశావు. నేను చెప్పినట్టే చీకట్లో దించావు, చుక్కనీళ్ళు పెట్టావు, విడిగా ఉంచావు. తిన్నాయి, తిరిగాయి, పోయాయి. యజమాని ఆఖరి మాటగా ఇంకొక్క సరుకు చూస్తానన్నాడు. అది సరే, అది యజమాని మాట. కానీ నువ్వు రాసిన మాట ఏమిటది? నా చేతుల్లోనే ఏదో ఉంది అక్కా, నేను ముట్టుకున్నదల్లా చస్తోంది, రాత్రుళ్ళు చేతులు కడుక్కుంటూ కూర్చుంటున్నాను అన్నావు. అది చదివి నాకు ఒళ్ళు మండింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఎవడో వ్యాపారి నోటికొచ్చింది అంటే నువ్వు నెత్తికెత్తుకుంటావా? నీకంటే ఆ చేపలు నయం, సంచి విప్పగానే కనీసం ఒకసారి తోక ఆడిస్తాయి.

సరే, నేనొక పని మొదలుపెట్టాను. కడెక్ పట్టిన నీలి చేపలు కొన్ని, కర్స పట్టినవి కొన్ని ఆపి, మన నిల్వ షెడ్డులో పక్కపక్క తొట్లలో వేశాను. ఒకే సముద్రపు నీళ్ళు, ఒకే నాచు మేత, ఒకే చెయ్యి. అన్నీ ఇక్కడ బతికితే తప్పు మీ షాపుది. ఇక్కడా చస్తే తప్పు చేపలది. ఎటు తిరిగినా నీది కాదని తేలుతుంది. తేలింది రాసి పంపుతాను, ఆ కాగితం ముక్క మీ హార్సోనో గారి మొహాన కొట్టు.

చూడ్డానికి మాత్రం కడెక్ చేపలే అందం. రంగు దీపం వెలిగించినట్టుంది. వాటి పక్కన కర్స చేపలు వెలిసిపోయిన లుంగీల్లా ఉన్నాయి. కొనేవాడెవడైనా కడెక్ తొట్టి దగ్గరే ఆగుతాడు.

ఈ సంగతి కడెక్‌తో చెబితే మెచ్చుకుంటాడనుకున్నాను. వాడికి కోపం వచ్చింది. నీకేం పనిలేదా అక్కా, చేప అన్నాక చావదా, దానికి పంచాయతీ పెడతావా అని అరిచాడు. అరుస్తూనే చేతిలో కాఫీ గ్లాసు జారవిడిచాడు. కాలుతోందా అంటే లేదు, జారింది అన్నాడు. కాఫీ వేడిగా లేదు కొమాంగ్, నేనే పోశాను కదా, నాకు తెలుసు. వైద్యుడి దగ్గరికి పద అంటే నూనె రాస్తే సరిపోతుంది అంటాడు. నాలుగు రోజులు వేటకు పోకుండా ఆగమంటే వినడు. నేను ఆగితే సరుకు ఆగుతుంది, సరుకు ఆగితే వాళ్ళు ఇంకో ఊరు చూసుకుంటారు, అక్కడ కొమాంగ్ గాడి కుర్చీ ఎగిరిపోతుంది అంటాడు. చిన్నప్పుడు నీ అన్నంలో చేప ముక్క ఎత్తుకుపోయేవాడు చూడు, వాడే ఈ మాట అంటున్నాడు. వాడి ప్రేమ ఎప్పుడూ ఇలా తిట్టినట్టే ఉంటుంది.

తొట్ల సంగతి తేలగానే రాస్తాను. అంతదాకా చేతులు కడగడం మాని, అన్నం తిని పడుకో.

ఇట్లు,
నీ అక్క,
రస్మిని

తా.క. కర్స చేపల్లో ఒకటి నా వేలిని గుర్తుపట్టింది. తొట్టి దగ్గరికి పోతే ముందుకొస్తోంది. నీతులు వాడి దగ్గర నేర్చుకుని ఉంటుంది.


తుకాద్ సెగర
9 ఏప్రిల్ 2006

కొమాంగ్‌కు,

దీవెనలు ఎప్పటిలాగే. క్షేమం అన్న మాట రాయబోతే చెయ్యి సాగడం లేదు. నీ ఉత్తరం అందింది.

నువ్వు తిట్టిన తిట్లన్నీ చదివాను. అన్న పోయాడని కబురు విని, కుంటికాలితో రేవు దాటి, బస్సులు మారి, వాకిట్లోకి వచ్చేసరికి బూడిద కూడా సముద్రంలో కలిపేశాం. ఒక్కరోజు ఆగలేకపోయారా, నేను తమ్ముణ్ణి కానా, నువ్వు అక్కవా రాయివా అన్నావు. వాకిట్లో అన్న మాటలే మళ్ళీ కాగితం మీద రాసి పంపావు. సుచి వడ్డించిన అన్నం ముట్టకుండా వచ్చిన బస్సులోనే తిరిగిపోయావు. నీ వెనకే రోడ్డు దాకా వచ్చాను, నువ్వు తల తిప్పలేదు. నాకు కోపం లేదు. నీ స్థానంలో ఉంటే నేను కూడా ఇంతే చేద్దును, ఇంకా రెండు ఎక్కువే అందును.

పూజారి పంచాంగం చూసి ఆ మర్నాడే మంచిరోజన్నాడని నీకు చెప్పాను. అది అబద్ధం కాదు, ఆయన అన్న మాట నిజం.

వాడు ఎలా పోయాడో నీకు సరిగ్గా చెప్పనేలేదు, నువ్వు విననూ లేదు. ఆ ఉదయం ఒక్కడే కొన వైపు పోయాడు. పడవలో కంప్రెసర్ ఆన్ చేసి గొట్టం నోట్లో పెట్టుకుని దిగాడు. పైన ఇంజను ఆగిపోయింది. ఆగితే చూసి తాడు గుంజడానికి పడవలో ఎవరూ లేరు. అటుగా వస్తున్న కర్స, చప్పుడు లేని పడవ చూసి అనుమానించి గొట్టం పట్టుకుని లాగాడు. పైకి తెచ్చేసరికే అయిపోయింది. ఒడ్డుకు తెచ్చి పడుకోబెట్టి, కళ్ళు తనే మూశాడు.

మరునాడు వాడ వాడంతా వచ్చింది. తెల్లవారుతూనే చెక్కగంట మోగింది. మగాళ్ళు వెదురు కోశారు, ఆడవాళ్ళు తాటాకులు అల్లారు, గంటలూ డప్పులూ వచ్చాయి. ఏ ఇంటివాళ్ళూ రాలేదన్న మాట లేదు. కడెక్‌ను నలుగురు కాదు, మార్చుకుంటూ మార్చుకుంటూ ఊరే మోసింది. ముందు భుజం కర్సది. ఎవరు మార్చుకుందామన్నా వాడు దించలేదు. తన తండ్రికి దొరకని భుజం మన కడెక్‌కు ఇచ్చాడు. అది నువ్వు చూడలేదు కాబట్టి రాస్తున్నాను. నీ అన్న అనాథలా పోలేదు.

నామీద కోపం ఎన్నాళ్ళుంచుకుంటావో ఉంచుకో. కాలికి నూనె రాసుకోవడం మాత్రం మానకు.

ఇట్లు,
నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నీ అక్క,
రస్మిని

తా.క. ఇంతవరకు రాసి కవరు అంటించబోయి ఆగిపోయాను. పూజారి మంచిరోజు చెప్పిన మాట నిజమే. కానీ ఆ రోజు దొరికేదాకా ఆయన్ని వదలకుండా పంచాంగం తిప్పించింది నేను. వాడ పెద్దలు పడవ దగ్గరికి పోకముందే, ఎవరికీ ఏ అనుమానమూ రాకముందే వాడిని మోయించెయ్యాలనుకున్నాను. అందుకే నీ కోసం ఆగలేదు.

ఆ ఉదయం కర్స ఒడ్డున నా చేతిలో ఒక తువ్వాలు పెట్టాడు. అందులో ఒక ప్లాస్టిక్ సీసా ఉంది, కడెక్ నడుముకు కట్టుకున్నది. మూత తీసి వాసన చూశాను. చిన్నప్పుడు మన రేవంతా కొట్టిన వాసన. పొటాస్.

నిజానికి సీసా చూడకముందే నాకు తెలుసు. పక్కపక్క తొట్లలో కర్స చేపలు నా చేతిలోంచి నాచు లాక్కుని తింటున్నాయి. కడెక్ చేపలు అదే నాచు తిని, అదే నీళ్ళలో, అదే రంగుతో ఒక్కొక్కటే పోయాయి. విషం పీల్చిన చేప పైకి ఇంకా మెరుస్తుందిరా, లోపల పేగు కాలిపోయి ఉంటుంది. తింటుంది గాని ఒంటికి పట్టదు. ఆ సంగతి మన నాన్న తరం వాళ్ళందరికీ తెలుసు, నేను ఆ రంగు చూసి కూడా మురిసిపోయాను. ఆ రోజు కడెక్ తిరిగి రాగానే నిలదీద్దామని, అడగాల్సిన మాటలు కూడబలుక్కుంటూ ఒడ్డునే నిలబడ్డాను. వచ్చింది కర్స పడవ.

సుచి తర్వాత చెప్పింది. వానల ముందు ఒకసారి లోతు నుంచి తొందరగా పైకొచ్చాక వాడి వేళ్ళు చచ్చుపడ్డాయట. చొక్కా బొత్తాలు ఆమే పెట్టేది. వల పరిచి, పగడం కొమ్మల్లోంచి చేపను మెల్లగా బయటికి తోలాలంటే పది వేళ్ళూ మాట వినాలి. సీసా నొక్కడానికి అరచెయ్యి చాలు. నీకు సరుకు ఆగకూడదని ఆ సీసా పట్టాడు. నీ కుర్చీ కాపాడుతున్నాననుకుంటూ దాని కాళ్ళే విరగ్గొట్టాడు. మూట కట్టలేకపోయినప్పుడు నేను పరిహాసమాడాను.

కొమాంగ్, ఒక్క చేపను కూడా నీ చేతులు చంపలేదు. అవి నీ దగ్గరికి వచ్చేటప్పటికే చచ్చిపోయి ఉన్నాయి. నువ్వు చీకటి చేసి, చుక్కచుక్కగా నీళ్ళు పోసి, వాటిని అన్నాళ్ళు బతికించావు. మీ యజమానికి ఇదే చెప్పు. నమ్మకపోతే నాకు ఫోన్ చెయ్యమను, చెబుతాను.

రేపు వాడ కూటం. అక్కడ కూడా లేచి చెబుతాను. పోయినవాడిని మోశారు, ఇక బతికున్నవాడి సంగతి చూడాలి కదా. కొన దగ్గర పగడాలు కూడా తెల్లబడటం మొదలైందట, ఎవరు చేశారని ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు. ముందుగా సుచిని అడిగాను. వెలి ఆమెకూ పిల్లలకూ తగులుతుంది మరి. చెప్పెయ్ వదినా, తమ్ముడి కోసం చేశాడు ఈయన, ఆ తమ్ముడే తనని తాను తిట్టుకుంటూ బతికితే ఈయన ఎందుకు పోయినట్టు అంది. కర్సకు తెలుసన్న మాట మాత్రం నా నోటి నుంచి రాదు, వస్తే వాడినీ వెలేస్తారు. నీ నోటి నుంచి కూడా రాకూడదు.

రేపటి నుంచి మాతో ఎవరూ మాట్లాడరు. నువ్వు వస్తే నీతో కూడా మాట్లాడరు, కాబట్టి కొన్నాళ్ళు రావద్దు. నేను పోతే మాత్రం రా. అప్పుడు ఉండేది నీ ఒక్క భుజమే. కుంటుతూనైనా మోస్తావులే.

ఇంకొక్క మాట. ఆఖరి సరుకులో రెండు నీలి చేపలు ఇంకా తిరుగుతున్నాయని రాశావు కదా. వాటిని అమ్మకు. అవి బతకవు. విడి తొట్టిలోనే ఉంచి, గొట్టం ముక్క ఒకటి వెయ్యి, అడిగినంత నాచు పెట్టు, లైటు వెయ్యకు. వాడి వేళ్ళు పట్టుకున్నవాటిలో మనకు మిగిలినవి అవే.